ఊటచేను

మా ఊళ్లో ప్రతి చేనికీ ఒక పేరు ఉండేది. బండమీది చేను, కానుగమాని చేను, గుండ్లమిట్ట, చవిటిచేను, తూముకింది మడి, మరవకింది మడి, ఊటచేను - ఇలా ఊరి చుట్టూ ఉన్న పొలాలన్నింటినీ మా నాయన పేరుపెట్టి చెప్పేవాడు. ఈ పేర్లను ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇవి ఏ రిజిస్టరులోనూ లేవు. తాలూకా కచేరీలో ఆ పొలాలకు సర్వే నంబర్లు మాత్రమే ఉన్నాయి. పొలం ఎక్కడ ఉందో, ఎంత ఉందో నంబరు చెబుతుంది. ఎలాంటిదో చెప్పదు. ఆ పని పేరు చేసేది.

బండమీది చేను అంటే జానెడు మట్టి కింద రాయి ఉందని అర్థం. అక్కడ ఉలవలు తప్ప ఇంకేమీ చల్లేవారు కాదు. చవిటిచేనిలో ఎండాకాలం తెల్లగా ఉప్పు తేలేది. బట్టలు ఉతకడానికి ఆ మట్టిని తట్టలతో ఎత్తుకొని పోయేవారు. మరవ అంటే చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు. దీనినే కొన్ని ప్రాంతాలలో అలుగు అనీ, కలుజు అనీ అంటారు. చెరువు నిండిన ఏడు మరవకింది మడిలో పంట మునుగుతుందని ఆ పేరులోనే ఉంది. ఇక ఊటచేను సంగతి. వానలు వెలిసి నెల గడిచినా ఆ చేనిలో అడుగు వేస్తే కాలి గుర్తులో నీరు ఊరేది. రాగి వేస్తే వేళ్లు కుళ్లేవి. అందుచేత దానిని కొన్నాళ్లు వరిమడిగా చేశారు. తరువాత పశువులకు పచ్చిగడ్డి కోసం వదిలిపెట్టారు. ఇల్లు కట్టుకొందామన్న ఆలోచన మాత్రం అక్కడ ఎవరికీ రాలేదు.

నేను ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు స్థలనామాలను గురించి ఒక పాఠం ఉండేది. ఊళ్ల పేర్ల చివర వచ్చే పల్లి, పాడు, కుంట, చెరువు వంటి మాటలను విడదీసి వాటి అర్థాలను రాయించేవారు. చేల పేర్ల ఊసు ఆ పాఠంలో లేదు. ఊరి పేరు శాసనాలకు ఎక్కుతుంది. చేని పేరు నాలుక మీదనే పుట్టి నాలుక మీదనే పోతుంది. ఆ పేరు పోతే ఏమవుతుందో తెలియడానికి నాకు మరి కొన్ని సంవత్సరాలు పట్టింది.

మాది హోసూరు ప్రాంతం. తమిళనాడుకు ఉత్తరపు కొసన, బెంగుళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మొదట ఇది సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినా ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం అన్న వాడుక మాత్రం మారలేదు. ఇది పెద్ద నదుల నేల కాదు. దక్షిణ పినాకిని ఉన్నా అది పల్లంలో పారుతుంది. మిట్టనేలలకు చెరువులే దిక్కు. పై ఊరి చెరువు మరవ పారితే ఆ నీరు మా చెరువుకు వచ్చేది. మా చెరువు మరవ పారితే కింది ఊరికి పోయేది. ఇలా ఒక చెరువును మరొక చెరువుతో కలిపే వంకలు, కాలువలు ఈ నేలంతా అల్లుకొని ఉండేవి. హోసూరు నుండి బెంగుళూరుకు పోయే దారిలో బొమ్మసంద్ర, సింగసంద్ర అనే పేర్లు కనిపిస్తాయి. సంద్ర అంటే సముద్రం. పెద్ద చెరువును మనవాళ్లు సముద్రమనే పిలిచారు. ఇప్పుడు బొమ్మసంద్రకు పోయినవారికి కర్మాగారాలు కనిపిస్తాయి. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఊహించుకోవడం కష్టం.

పూర్వం ఊరు కట్టేటప్పుడు ఇళ్లకు వేరుగా నేల విడిచిపెట్టేవారు. దానికి పన్ను ఉండదు. అందులో సేద్యం చేయరు. ఈ నేలను ఆంధ్రదేశంలో గ్రామకంఠం అంటారు. మా తమిళనాడు రికార్డులలో అది నత్తం. కర్ణాటకలో గ్రామఠాణా, మహారాష్ట్రలో గావ్‌ఠాణ్. ఒడిశాలో ఇంటి నేలను ఘరబారి అని రాస్తారు. మీరు ఏ రాష్ట్రంలో చదువుతున్నా ఈ మాటలలో ఒకటి మీ ఇంటి కాగితాలలో ఉండే ఉంటుంది. ఒకసారి పెద్దలనడిగి చూడండి.

మా ఊరి నత్తం ఒక మిట్ట మీద ఉంది. చెరువు కట్ట కింద మడులు, ఇళ్లు పైన. ఎంత వాన పడినా వీధిలో నీరు నిలవదు. ఇళ్లు చిన్నవే కాని ఇంటితో పాటు ఉండవలసినవి అన్నీ ఉండేవి. ముందు పంచ, పక్కన పశువుల కొట్టం, వెనుక పెరడు. రాగులు నిలువ చేయడానికి నేలలో పాతర తవ్వేవారు. పాతరకు గట్టినేల కావాలి. చెమ్మ తగిలితే గింజ పాడవుతుంది. కాబట్టి ఇల్లు కట్టే చోట నేల పొడిగా ఉందో లేదో చూడడం వారికి తిండిగింజలకు సంబంధించిన విషయం. ఊరి చివర అందరికీ కలిపి ఒక కళ్లం. రాగి కోతలయ్యాక నెల రోజులు అక్కడ రాతిగుండు తిరుగుతూనే ఉండేది. కళ్లం ఎవరిదని అడిగితే మా చిన్నతనంలో నవ్వేవారు.

అప్పటి ఊరంతా చక్కగా ఉండేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మిట్ట మీద అందరికీ చోటు ఉండేది కాదు. కొన్ని కులాల వారిని ఊరికి దూరంగా, చాలా చోట్ల పల్లపు నేలలో ఉంచారు. వాన వస్తే ముందు మునిగేవి వారి ఇళ్లే. ఇంటి స్థలం కోసం వారు పెట్టుకొన్న అర్జీలు ఎన్నో తరాలు తిరిగాయి. ప్రభుత్వం ఇళ్లు కట్టించే పథకాలు వచ్చాక కొంత మేలు జరిగింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలయింది. 2016 నుండి ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన దాని స్థానంలో నడుస్తున్నది. దాని నియమం ప్రకారం వంటగదితో కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు ఉండాలి. గుడిసెలో ఉన్నవారికి అది గట్టి ఇల్లే. అయితే ఆ కొలతలో ఆవుకు చోటు లేదు.

ఇల్లంటే నాలుగు గోడలేనా అన్న ఈ ప్రశ్న మా ప్రాంతానికే పరిమితం కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూరు దగ్గర తీరం దాటింది. ఆ తరువాత ఒడిశా ప్రభుత్వం గంజాం తీరంలో పక్కా ఇళ్లు కట్టించింది. అక్కడి మత్స్యకారులలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. గాలికి ఎగిరిపోని ఇల్లు వారికి తప్పకుండా కావాలి. కాని వల ఆరవేసుకొనే చోటు, పడవ నిలిపే ఒడ్డు ఇంటికి ఎంత దూరం అన్నది కూడా గోడ మందమంత ముఖ్యమే. యానాం వైపు వారి చిక్కు ఇంకొకటి. అక్కడ పల్లపు వరిపొలంలో మట్టి పోసి, మెరక చేసి ఇల్లు కడతారు. ఒకరు మెరక చేసుకొంటే ఆ నీరు పక్కవారి పల్లంలోకి పోతుంది. వారు కూడా మెరక చేసుకొంటే ఆ పక్కవారికి పోతుంది.

1970లలో హోసూరులో ప్రభుత్వం పారిశ్రామికవాడను నెలకొల్పింది. లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారుచేసే కర్మాగారాలు వచ్చాయి. మా ఈడు పిల్లలలో కొందరు సైరను మోతకు లేచి సైకిళ్ల మీద పనికి పోయేవారు. ఆనాడు అది గొప్ప. తరువాత బెంగుళూరు పెరిగి మా వైపుకు వచ్చింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. మా ఊరు దాని హద్దుకు ఆవల, ఇంకా పంచాయతీలోనే ఉంది. నగరంలో నేల కొనలేనివారు హద్దు దాటి మా వైపు వస్తారు. ఇందులో వారి తప్పు ఏమీ లేదు. పన్నెండు గంటలు పనిచేసి, ఇరుకు గదికి అద్దె కట్టి, మిగిలినది కూడబెట్టి, తమకంటూ ఒక ఇల్లు ఉండాలని కోరుకొనేవారు వారు. ధర్మపురి, తిరువణ్ణామలై, కుప్పం - ఎక్కడెక్కడి నుండో వచ్చినవారు. ఊరికి కొత్తవారు వద్దు అనే మాట నాకు ఏనాడూ నచ్చదు. మన పూర్వులు కూడా ఏదో ఒక నాడు మూటలు నెత్తిన పెట్టుకొని ఇక్కడికి వచ్చినవారే కదా!

లేఅవుట్ అనే మాట మా ఊళ్లో ఇప్పుడు చదువురానివారికి కూడా తెలుసు. అది వేసేవారి లెక్కను మీరూ చేసి చూడవచ్చు. ఒక ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ఇంటి స్థలం 1,200 చదరపు అడుగులు. పది పాళ్లలో మూడు రోడ్లకు, ఒకటి పార్కుకు విడిచిపెడితే ఎకరానికి 21 స్థలాలు వస్తాయి. పార్కును ఎత్తివేసి, రోడ్లను రెండు పాళ్లకు కుదిస్తే 29 వస్తాయి. ఈ ఎనిమిది స్థలాల కోసమే చాలా కాలం అనుమతి లేని లేఅవుట్లు వెలిశాయి. సందులో అంబులెన్సు తిరగదు. మురుగుకు దారి ఉండదు. ఒకే స్థలంలో ఒక మూల మరుగుదొడ్డి గుంత, మరొక మూల బోరు. రెండింటికీ మధ్య పట్టుమని పదిహేను అడుగులు ఉండవు. ఆడుకోవడానికి చోటు లేక పిల్లలు ఖాళీ స్థలాలలో ఆడుకొంటారు. ఖాళీ స్థలం ఇల్లు కాగానే అక్కడి నుండి లేచిపోతారు.

ఇటువంటి స్థలాలను కర్ణాటకలో రెవిన్యూ సైట్లు అంటారు. మహారాష్ట్రలో గుంటల చొప్పున అమ్మడం వల్ల గుంఠేవారీ అని పేరు వచ్చింది; వాటిని క్రమబద్ధం చేయడానికి 2001లో ఒక చట్టమే చేశారు. మా రాష్ట్రంలో 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు, అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాలను రిజిస్టరు చేయరాదని ఆదేశించింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం నియమాలు చేసి, 2016 అక్టోబరు 20కి ముందు రిజిస్టరయిన స్థలాలను రుసుము కట్టించుకొని క్రమబద్ధం చేసుకొనే వీలు కల్పించింది. కొన్నవారికి ఊరట కలిగింది. అయితే రుసుము కట్టినంత మాత్రాన ఇరుకు రోడ్డు వెడల్పు కాదు. పల్లం మెరక కాదు.

ఊటచేను అమ్ముడుపోయింది అంతకు ముందే. ఆ చేని యజమాని పిల్లలు నగరంలో స్థిరపడ్డారు. సేద్యం చేసేవారు లేరు. అమ్ముకోవడానికి వారికి హక్కు ఉంది. కొన్నవారు రెండు పొక్లెయిన్లు తెచ్చి గట్లు చదును చేశారు. గుట్ట నుండి ఎర్రమట్టి తెచ్చి రెండడుగుల ఎత్తున పోశారు. తెల్లసున్నం పూసిన రాళ్లు వరుసగా పాతారు. వేసవి కాలం కావడంతో చూడడానికి ఆ నేల ఎర్రగా, పొడిగా, అందంగా ఉంది. ముఖద్వారం కట్టి దానికి పూలతోట అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు ఒకటి పెట్టారు. ఆనాటితో ఊటచేను అనే పేరు ముగిసింది.

అందులో ఒక స్థలాన్ని కుప్పం వైపు నుండి వచ్చిన ఒక కుటుంబం కొన్నది. అతను కర్మాగారంలో మిషను పని చేస్తాడు. ఆమె గులాబీ తోటల్లో పూలు కోసి కట్టలు కట్టే పనికి పోతుంది. వారి అమ్మాయి మా బడిలో ఏడో తరగతి చదివేది. 2019లో వారు ఇల్లు మొదలుపెట్టారు. పునాది తవ్వితే నాలుగడుగుల లోతున నీరు పడింది. మేస్త్రీ మోటారు పెట్టి తోడించి, రాళ్లు వేసి, పని కానిచ్చాడు. మొదటి రెండేళ్లు వానలు ఎలాగో గడిచాయి. 2022లో వానలు బలంగా కురిశాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు మొదట్లో బెంగుళూరు తూర్పు శివార్లలో కోట్లు పోసి కొన్న ఇళ్ల నుండి జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద తరలించిన దృశ్యాలను మీ ఇంట్లో పెద్దలు టీవీలో చూసే ఉంటారు. ఊటచేనిలో అంత గొడవ జరగలేదు. అక్కడ నీరు పైనుండి రాలేదు. కింది నుండి వచ్చింది. గోడలకు మోకాటి ఎత్తు వరకు చెమ్మ ఎక్కింది. మరుగుదొడ్డి గుంత నిండి పొంగింది. బోరునీరు వాసన వచ్చింది. ఆ అమ్మాయి పుస్తకాల సంచిని మంచం కింద పెట్టే అలవాటు మానుకొని దండెం మీద తగిలించుకొన్నది.

హాజరు తగ్గిందని కనుక్కోవడానికి నేను వాళ్లింటికి పోయాను. ఆ అమ్మాయి తండ్రి స్థలం కాగితాలన్నీ తెచ్చి నా ముందు పరిచాడు. పట్టా ఉంది. చిట్టా, అడంగల్ ఉన్నాయి. గడచిన ముప్పై ఏళ్ల ఈసీ ఉంది. ఏ కాగితంలోనూ తప్పు లేదు. అన్నీ చూసిన తరువాత అతను, "సార్, ఈ నేలకు ముందు ఏదైనా పేరుండేదా?" అని అడిగాడు.

"ఊటచేను అనేవారు" అన్నాను.

అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత గోడను అరచేత్తో తడుముతూ, "ఈ ముక్క ఒక్కటి కాగితంలో ఉండి ఉంటే చాలు కదా సార్" అన్నాడు.

ఎవరి మీదా కోపం లేకుండా ఆ మాట అన్నాడు. పదమూడేళ్ల కష్టం ఆ గోడలలో ఉంది. అమ్మేసి పోదామంటే చెమ్మ ఎక్కిన ఇంటిని కొనేవారు ఉండరు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే మార్గం. ఇంటి చుట్టూ కాలువ తీసి కంకర నింపారు. మరుగుదొడ్డి గుంతను ఎత్తులో మళ్లీ కట్టించారు. దానికయిన అప్పు ఇంకా తీరుతూనే ఉంది. ఆ వీధిలో పద్దెనిమిది ఇళ్లు. పద్దెనిమిదింటిదీ ఇదే కథ.

మరుసటి సంవత్సరం ఊరికి ఎగువన కానుగమాని చేనికి, దాని పక్కనున్న రెండు చేలకు కలిపి ఒక లేఅవుట్ వచ్చింది. ఈసారి అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మా రాష్ట్రంలో 1971 నాటి నగర, గ్రామీణ ప్రణాళికా చట్టం ప్రకారం లేఅవుట్‌కు ప్రణాళికా శాఖ వారి సాంకేతిక అనుమతి కావాలి. పెద్ద లేఅవుట్‌లో రోడ్లు పోగా మిగిలిన నేలలో పదో వంతు బహిరంగ స్థలంగా విడవాలి. రోడ్లను, ఆ స్థలాన్ని పంచాయతీ పేర దానపత్రం రాసి ఇవ్వాలి. అందువల్ల విషయం పంచాయతీ ముందుకు రాక తప్పదు. 2023 ఆగస్టు 15న గ్రామసభ జరిగింది. మా రాష్ట్రంలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో గ్రామసభ జరపడం వాడుక. చాలామంది జెండా వందనం కాగానే మిఠాయి తీసుకొని ఇంటికి పోతారు. ఆ రోజు ఊటచేని వీధి నుండి ఇరవై మందికి పైగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

లేఅవుట్ వేసే సంస్థ తరఫున ఒక యువకుడు పటం తెచ్చి బల్ల మీద పరిచాడు. పొందికైన పటం. పసుపు రంగులో ఇంటి స్థలాలు, బూడిద రంగులో రోడ్లు, ఈశాన్య మూలలో ఆకుపచ్చ రంగులో పార్కు. ఊరికి నీరుగంటిగా పనిచేసిన కుటుంబంలో మిగిలిన పెద్దాయన ఒకరున్నారు. నీరుగంటి అంటే చెరువు తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసే మనిషి. ఇప్పుడు పారించడానికి మడులు లేవు. ఆయనకు ఆ పనీ లేదు. ఆయన లేచి వచ్చి, పటం మీదికి వంగి చాలాసేపు చూశారు.

"అయివారూ, దీంట్లో పిల్లవంక ఏదీ?" అని నన్ను అడిగారు.

పటంలో పెద్దవంక ఉంది. అది పోరంబోకు నేల. దానికి వేరే సర్వే నంబరు ఉంది. దాన్ని ఎవరూ తాకలేదు. గుట్ట మీద పడిన నీటిని పెద్దవంకకు తెచ్చి కలిపే పిల్లవంక మాత్రం లేదు. సర్వే వారు గొలుసులతో కొలిచిన నాడు అది పట్టాభూమిలో పడింది. సంవత్సరంలో నెలా రెండు నెలలు మాత్రమే పారే దారి కాబట్టి పొలంలో కలిపి రాసుకొన్నారు. రైతులు మాత్రం దాన్ని ఎన్నడూ దున్నలేదు. గట్టు వేసి, రెండు పక్కలా కానుగచెట్లు పెంచారు. కానుగమాని చేను అన్న పేరు అందువల్ల వచ్చింది.

ఆ యువకుడు మర్యాదగానే జవాబు చెప్పాడు. "మా పటం రికార్డు ప్రకారం సరిగ్గా ఉంది సార్. రికార్డులో లేనిదాన్ని మేము ఎలా చూపిస్తాం?" అన్నాడు. ఆ మాట నిజమే. నీటివనరులను కాపాడే చట్టాలు మనకు లేకపోలేదు. చెరువుల రక్షణకు, ఆక్రమణల తొలగింపుకు తమిళనాడులో 2007లో చట్టం చేశారు. పంజాబులో ఒక పల్లె కుంటను పూడ్చి ఇళ్లు కట్టుకొన్నవారి విషయంలో 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఆక్రమణను అంగీకరించలేదు. ఊరుమ్మడి నేలల ఆక్రమణలను తొలగించడానికి పథకాలు సిద్ధం చేయవలసిందని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. కాని ఈ చట్టాలూ తీర్పులూ కాపాడగలిగేది రికార్డులో ఉన్న కుంటను, రికార్డులో ఉన్న వంకను. మా పిల్లవంకకు ఉన్న రికార్డు ఒక పేరు, ఒక పెద్దాయన జ్ఞాపకం, ఏడు కానుగచెట్లు.

అప్పుడు ఊటచేని వీధి నుండి వచ్చిన ఆ అమ్మాయి తండ్రి లేచి నిలబడ్డాడు. తన ఇంట్లో గోడ ఎలా ఉందో చెప్పాడు. చెప్పినది నాలుగైదు మాటలే. "ఆ స్థలాలు కొనేది కూడా మావంటివాళ్లే. నీరు వాళ్ల ఇంటి కింద దూరకుండా ముందే దారి వదిలితే వాళ్లకూ మేలు, మీకూ పేరు" అని కూర్చున్నాడు. సభలో ఎవరూ అరవలేదు. అంతకు ముందు సభలలో నేను చూసిన వాదులాటలతో పోలిస్తే ఆ నిశ్శబ్దమే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

వారం తరువాత పెద్దాయనను వెంటబెట్టుకొని మేము ఆ నేల మీద నడిచాము. ఆ యువకుడు కూడా వచ్చాడు. మా బడి పిల్లలు టేపు పట్టుకొని కానుగచెట్ల వెంట కొలతలు తీశారు. గుట్ట పాదం నుండి పెద్దవంక దాకా పిల్లవంక పొడవు, ఒక్కొక్క చోట దాని వెడల్పు, వాలు ఎటువైపు ఉన్నది ఒక కాగితం మీద గీశాము. ఆ కాగితాన్ని అర్జీతో జతచేసి పంచాయతీ తీర్మానంతో పైకి పంపాము. అర్జీని తమిళంలో రాశాము. చెట్ల దగ్గర పిల్లలు రాసుకొన్న లెక్కలు తెలుగులోనే ఉన్నాయి. మన భాషలో కొలిచి, రాష్ట్ర భాషలో అడగడం మనవంటి వారికి అలవాటు కావలసిన విద్య.

అయిదు నెలలకు సవరించిన పటం వచ్చింది. ఈశాన్య మూలలో ఉన్న పార్కును అక్కడి నుండి తీసి, పిల్లవంక వెంట పొడవుగా పరిచారు. సంస్థకు స్థలాలేమీ తగ్గలేదు. పార్కు ఆకారం మారిందంతే. కానుగచెట్లలో అయిదు మిగిలాయి. రెండు రోడ్డుకు అడ్డం వచ్చి పోయాయి. రోడ్డు పిల్లవంకను దాటే చోట రెండు సిమెంటు గొట్టాలు వేశారు. పెద్దాయన ఆ గొట్టాలలోకి వంగి చూసి, "ఇవి చాలవు నాయనా, ముసురుకు చాలుతాయిగానీ గాలివానకు చాలవు" అన్నారు. ఇంకొక గొట్టం వేయమని అడిగాము. వేయలేదు. ఊరి కళ్లానికి పోయే బండిదారి ఒకటి ఆ చేల మధ్య నుండి ఉండేది. దానిని కాపాడుకోలేకపోయాము. బండ్లు లేనప్పుడు దారి ఎందుకని అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫాను వాన మా జిల్లాను ముంచెత్తింది. ఊత్తంగరైలో ఒక్క రోజులో దాదాపు 50 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొర్లి, బస్టాండు దగ్గర నిలిపిన వాహనాలు కొట్టుకొనిపోయాయి. మా వైపు అంత వాన లేదు. ఆ రాత్రి పిల్లవంక పారింది. రెండు గొట్టాలు నిండుగా పోశాయి, నీరు రోడ్డెక్కలేదు. ఊత్తంగరైలో పడినంత వాన ఇక్కడ పడి ఉంటే ఏమయ్యేదో పెద్దాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ కొలతల తరువాత మా తరగతి పిల్లలు ఊరిలోని ముసలివారిని అడిగి చేల పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు సర్వే నంబరు, కుడివైపు పేరు, దాని కింద ఆ పేరు ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు. ఇప్పటికి నూట పదకొండు పేర్లు వచ్చాయి. కొన్నింటికి రెండేసి పేర్లున్నాయి. తెలుగువారు ఒకటి, కన్నడిగులు ఒకటి పెట్టుకొన్నవి. కొన్ని నంబర్లకు ఎదురుగా గడి ఖాళీగా ఉంది, అడగడానికి మనుషులు లేక. స్థలం కొనడానికి వచ్చినవారు ఇప్పుడు అప్పుడప్పుడు బడికి వచ్చి ఆ పుస్తకం చూపించమని అడుగుతారు. ఒకసారి ఒక దళారి కూడా వచ్చాడు. ఏ పేజీ చూశాడో కాని, ముఖం చిన్నబుచ్చుకొని పోయాడు.

పెద్దవంకకు ఆవల, మరవకింది మడిలో ఈ ఏడు సంక్రాంతి తరువాత తెల్లరాళ్లు పాతారు. నాలుగెకరాలు. దాని పటం ఇంకా పంచాయతీకి రాలేదు.